చాంబరుకు పూసిన పేస్టు

జిలానీ మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా నోటితో జవాబు చెప్పేవాడు కాదు, చేతికి పానా ఇచ్చేవాడు. అవనిగడ్డ కరకట్ట పక్కన ఆయన షెడ్డు. ముప్పై ఏళ్లలో ఆయన బిగించిన ఇంజన్లన్నిటి నుంచీ కారిన నూనె పోగేస్తే చీమ తలకు రాసుకోవడానికైనా చాలదని దివిసీమంతా చెప్పుకునేది. చీమ తలంత అబద్ధం అందులో ఉన్నా ఉండవచ్చు.

ఆ ఉదయం ఆయన కబురు మీద నాంచారయ్య వచ్చాడు. తొమ్మిదేళ్లు ఆయన దగ్గరే పని నేర్చి సొంత షెడ్డు పెట్టుకున్న శిష్యుడు, నలభై ఎనిమిదేళ్లవాడు. నలభై రోజుల కిందట అతను బాగుచేసి పంపిన చేపల వ్యాను నడిరోడ్డు మీద ఇంజను పట్టేసి ఆగిపోయింది. యజమాని దాన్ని తాడు కట్టించి గురువు షెడ్డుకే లాగించుకొచ్చాడు. శిష్యుడి ముఖం ఏడు జన్మల దాకా చూడనని ఒట్టు కూడా పెట్టుకున్నాడట.

వ్యాను సంగతి నాంచారయ్యకు పట్టలేదు. అతని ప్రాణమంతా బయట నిలిపిన స్కూటరు డిక్కీలో ఉంది. అందులో కూతురు సుభాషిణి సర్టిఫికెట్లున్నాయి. తల్లి పోయిన నాటి నుంచి ఆ పిల్లను గాలి కూడా తన అనుమతి అడిగి తాకేట్టు పెంచాడు. కాలేజీ గేటు దగ్గర రోజూ రెండు పూటలా కాపలా నిలబడ్డాడు. కిటికీకి ఒక దోమతెర చాలదని రెండు కొట్టించాడు. ల్యాబ్ టెక్నీషియన్ చదువు ముగిసి విశాఖపట్నంలో ఉద్యోగం వస్తే వద్దన్నాడు. ఆ మాట మీద పిల్ల రేపల్లెలో మేనత్త ఇంటికి వెళ్లి నెల దాటింది. తండ్రితో మాట లేదు. సోమవారం ఉద్యోగంలో చేరాలి, ఈ వేళ పదింటికి వచ్చి సర్టిఫికెట్లు తీసుకుంటానని పక్కింటి సీతారత్నంతో కబురు చేసింది. అవి ఇంట్లో దొరక్కపోతే పిల్ల ఎక్కడికీ వెళ్లలేకపోతుందని అతని లెక్క.

“గురువుగారూ, ఎక్కడా ఒక్క సందు లేకుండా పెంచాను. మరి పిల్ల నాతో మాట్లాడటం ఎందుకు మానేసింది?”

మేస్త్రి పానా చేతికిచ్చాడు. “చాంబరు విప్పు.”

ఇంజను అడుగున నూనె నిలిచే గిన్నె అది. షెడ్డు రేకుల మీద వాలిన కాకి సగం వేగి లేచిపోయేంత ఎండలో నాంచారయ్య వ్యాను కిందికి దూరాడు. నూనె దించితే ఊరి పెళ్లికి గారెలు వండేంత వచ్చింది. బోల్టులన్నీ ఊడినా చాంబరు మాత్రం ఊడలేదు. అంచుల మధ్య అతను పూసిన సిలికాన్ పేస్టు అంతలా పట్టింది.

“చూశారా, చుక్క కారలేదు,” అన్నాడు, ఆ స్థితిలోనూ కాస్త గర్వంగా.

“కారలేదు,” ఒప్పుకున్నాడు మేస్త్రి. “ఎంత పూశావు?”

“ట్యూబు మొత్తం. అనుమానం ఎందుకని ఇంకో సగం.”

“నేనెంత పూయమన్నాను?”

నాంచారయ్య చాకు కోసం వెతికాడు. గుర్తు లేక కాదు. మేస్త్రి అంచులను నూనె మరక లేకుండా తుడిచి, ముగ్గు గీతంత సన్నగా ఒకే ఒక్క గీత చుట్టూ లాగేవాడు. బోల్టులు వేళ్లతో తిప్పి వదిలేసి టీ తాగేవాడు. పేస్టు కాస్త గట్టిపడ్డాకే పానా పట్టేవాడు. నూనె పోయడం మర్నాడే. ఆ మధ్యలో చేతులు కట్టుకుని ఊరుకునే గంట ఉందే, అది తొమ్మిదేళ్లలోనూ నాంచారయ్యకు అబ్బలేదు. ఆ గంటలో ఇంకో పూత పూసేవాడు.

సందులో చాకు పెట్టి కోస్తుండగా ఫోను మోగింది. సీతారత్నం.

“అన్నయ్యగారూ, పిల్ల వచ్చి వెళ్లింది. బీరువా తీసి చూసింది. మంచినీళ్లడిగి తాగింది.”

“ఏమంది?”

“ఏమీ అనలేదు. నాన్నకేమైనా చెప్పనా అంటే, చెప్పేదేమీ లేదు అత్తా అంది. నకళ్లకు దరఖాస్తు పెట్టుకుంటుందట. తన దగ్గరున్న మీ ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టి పోయింది.”

తిట్టి పోయినా బాగుండేదనుకున్నాడు నాంచారయ్య. ఫోను జేబులో పెట్టుకుని మళ్లీ చాకు పట్టాడు.

చాంబరు ఊడింది. పేస్టు బయటికి పొంగినంతే లోపలికీ పొంగింది. అక్కడ తునకలు తునకలుగా తెగి, ఇంజను నూనె పీల్చుకునే జల్లెడలో చిక్కుకుంది. గుప్పెడంత జల్లెడ, ఒక్క కన్ను తెరిచి లేదు. కింద గిన్నె నిండా నూనె ఉండగానే, పైన ఇంజను చుక్క అందక ఎండిపోయింది.

నాంచారయ్య ఆ జల్లెడను అరచేతిలో పెట్టుకుని గోటితో ఒక తునక పీకాడు. స్కూటరు వైపు చూడలేకపోయాడు.

“బతుకుతుందా, గురువుగారూ?”

మేస్త్రి వేలితో లోపల తడిమాడు. వేలు నల్లగా వచ్చింది. “ఏమో,” అన్నాడు. ఆయన నోట ఆ మాట నాంచారయ్య ఎన్నడూ వినలేదు.

“మళ్లీ పూస్తాను. ఈసారి సన్నగా.”

“ముందు పాతది గీకాలి.”

“ఎంతకాలం పడుతుంది?”

మేస్త్రి టీ గ్లాసు అందుకుని, ఎండలో నిలిపిన స్కూటరు వైపు చూశాడు.

“ఎంత పూశావో నీకే తెలియాలి.”