శిలాకంకణపురం తలుపు

ఈ కథ నాకెలా చేరిందో ముందు మనవి చేయడం మర్యాద. ఫ్రాన్సు దేశపు దక్షిణాన, చుట్టూ రెండు వరుసల కోటగోడ ఉన్న ఒక పాత ఊరు చూడబోయాను. ఎండకు తాళలేక గోడనీడకు చేరితే, అక్కడ అంజూరపు మురబ్బా అమ్ముతున్న వృద్ధురాలు, "కూర్చోండి బాబూ, మీది గోదారి మొహంలా ఉంది" అని పలకరించింది. యానాంలో పుట్టి, పెళ్ళయి అక్కడికి చేరిన మంగతాయారమ్మ. గోడనిండా ఆ కన్నాలేమిటని అడిగాను. ఆమె చెప్పినదే మీకు వినిపిస్తాను, పిల్లలూ.

సముద్రాలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో మణికంధరుడనే రాజుకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల ఆవల శిలాకంకణపురం ఉందని, రాతిగాజు తొడిగినట్టు దాని చుట్టూ గోడ ఉందని విని పెద్దవాడు చూడబోయాడు, తిరిగి రాలేదు. అతణ్ణి వెదకబోయి రెండవవాడు వెళ్ళాడు; అతడూ తిరిగి రాలేదు. మూడవవాడు చిత్రభానుడు తల్లికి మొక్కి, "అన్నయ్యలను తీసుకొస్తానమ్మా" అని ఓడ ఎక్కాడు.

ఏడు సముద్రాలు దాటి కోటవాకిలి చేరేసరికి, ఒక ముసలి గాడిద దాహంతో నాలుక చాపి నిలబడి ఉంది. నూతినీళ్ళు తోడి తాగించాడు.

"నీళ్ళిచ్చావు కనుక చెబుతున్నాను, లోపలికి వెళ్ళకు" అంది గాడిద. "ఇది ధూమకేశుడనే మాంత్రికుడి ఊరు. బయటికి పోవాలంటే, మళ్ళీ వస్తానని హామీగా ఏదైనా ఉంచాలి. తలుపుకు నమ్మకం కుదరకపోతే మనిషి రాయైపోతాడు. ఈ గోడంతా చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళే!"

"మా అన్నయ్యలు?"

"ఒకాయన కత్తి ఉంచాడు, ఒకాయన కిరీటం ఉంచాడు. రాజుల ఇంట వాటికి కరువా? తలుపు కదల్లేదు."

"మాంత్రికుడి ప్రాణం ఎక్కడుంది?"

"మూడవ బురుజు గూటిలో, చిలుకలో. ఆ గూటి రాళ్ళు మోసింది ఈ వీపే! చిలుక గోడ దాటితే వాడి మంత్రం పారదు."

చిత్రభానుడు అయినా లోపలికి వెళ్ళి మొదటి బురుజు ఎక్కాడు, ఖాళీ. రెండవ బురుజు ఎక్కాడు, ఖాళీ. మూడవ బురుజులో చిలుక ఉంది. "మెల్లిగా పట్టుకో నాయనా, ఇంకొకడి ప్రాణం మోసి మోసి అలసిపోయాను" అంది. దాన్ని తలపాగాలో దాచుకుని వాకిలికి వచ్చాడు.

తాళాలు పట్టుకుని నిలబడినది ఆ ఊరి పూర్వపు ప్రభువు కూతురు హేమలేఖ. మాంత్రికుడి ఆజ్ఞకు లోబడి, ఎందరో రాళ్ళైపోవడం కళ్ళారా చూసిన పిల్ల.

"ఏం ఉంచుతారు?"

"ఈ గోడలో ఉన్న మా అన్నయ్యలిద్దరినీ."

"ఆ రాళ్ళు ఇప్పటికే ఇక్కడివి కదండీ!"

"మీకు రాళ్ళు, నాకు అన్నలు. వాళ్ళు లేకుండా మా అమ్మ ఎదుట కూర్చుని అన్నం తినలేను. వెళ్ళొస్తాను."

కిర్రుమని తలుపు తెరుచుకుంది.

బయట ఆలివ్ కొమ్మమీద చిలుకను కూర్చోబెట్టాడు. "పారిపో! ఓడ సిద్ధంగా ఉంది" అంది చిలుక.

"వస్తానని చెప్పాను కదా" అని చిత్రభానుడు వెనుదిరిగాడు.

లోపల ధూమకేశుడు మంత్రం మీద మంత్రం చదువుతున్నాడు. ఒక్కటీ పారడం లేదు. "వీణ్ణి రాయి చెయ్యవే తలుపూ!" అని అరిచాడు.

"ఎందుకు చేస్తుంది?" అంది హేమలేఖ, మొదటిసారి గొంతెత్తి. "తిరిగి వచ్చినవారి హామీ వారికి ఇచ్చెయ్యాలన్నది మీరు పెట్టిన కట్టుబాటే. ఇన్నేళ్ళూ ఎవరూ రాలేదని మరిచిపోయారు. ఈయన ఉంచింది అన్నలను. రాళ్ళనిస్తే చెల్లదు!"

గోడలో రెండు రాళ్ళు కదిలాయి. "తమ్ముడూ, నడుం పట్టేసిందిరా!" అంటూ పెద్దవాడు, ఆవులిస్తూ రెండవవాడు దిగారు. దానితో మంత్రం వీడి, చూడవచ్చినవారందరూ ఒక్కొక్కరే దిగివచ్చారు.

చిత్రభానుడు హేమలేఖను పెళ్ళాడి అక్కడే చిరకాలం రాజ్యమేలాడు. ఏటేటా ఓడెక్కి తల్లిని చూసి వచ్చేవాడు. పెద్దన్న తండ్రి సింహాసనం ఎక్కాడు. రెండవ అన్న మళ్ళీ ఒకచోట కదలకుండా నిలబడిన పాపాన పోలేదు. గాడిద ఇక ఎన్నడూ బరువు మోయలేదు. చిలుక మాంత్రికుడి ప్రాణం వాడికిచ్చేసి, తనది తాను పెట్టుకుని ఎగిరిపోయింది. ఉత్త ముసలివాడైన ధూమకేశుడు వాకిట నిలబడి, వెళ్ళేవారికి తలుపు తీస్తూ, "మళ్ళీ రండి" అని బతిమాలేవాడు. మనుషులు దిగివచ్చిన కన్నాలను రాజు పూడ్పించలేదు. వెళ్ళి మళ్ళీ వచ్చే వానకోయిలలకు వదిలేశాడు.

నేను లేచి, "వెళ్ళొస్తానమ్మా" అన్నాను. మంగతాయారమ్మ నవ్వి, "ఏం ఉంచుతారు బాబూ?" అంది. చేతికర్ర ఆమె పక్కన గోడకు ఆనించి వచ్చాను. ఈ వసంతంలో దాన్ని తెచ్చుకోవాలి.