మీసానికి వచ్చిన మైల

ఒకానొక రాజ్యంలో, ఎక్కడని అడక్కండి, అనంతభట్టు అనే మహాపండితుడు ఉండేవాడు. మహాపండితుడని ఎవరన్నారంటారా? ఆయనే అన్నాడు.

జీవితమంతా ధారపోసి ఆయనొక సిద్ధాంతం తయారుచేశాడు. గొప్ప వంశంలో పుట్టినవాడే ఏలాలి, తక్కినవాళ్లు తలవంచాలి, ఎదురు మాట్లాడేవాడికి కొరడాదెబ్బలు పడాలి. ముసలిరాజు చంద్రపాలుడిది మరీ మెతక పాలన, ఉక్కులాంటివాడు ఒక్కడూ రాడా అని అరుగు మీద కూర్చుని ఎదురుచూశాడు.

రానే వచ్చాడు! అశ్వదళాధిపతి ప్రచండుడు చంద్రపాలుణ్ణి చంపి గద్దెనెక్కాడు. ఊరూరా కొరడాలు మోగాయి. భట్టు ఉబ్బితబ్బిబ్బై ఆస్థానానికి పరుగెత్తాడు. తీరా చూస్తే ప్రచండుడు గుర్రాలకు గడ్డివేసేవాడి కొడుకు! నిండుసభలో కాళ్లు చాపుకుని పళ్లు కుట్టుకుంటాడు. వీధుల్లో మూకల్ని పోగేసి జేజేలు కొట్టించుకుంటాడు. కొరడా భట్టు కోరినట్టే ఉంది, పాపం, అది పట్టుకున్న చెయ్యే ఆయనకు నచ్చలేదు. ఆ చెయ్యి కప్పిన పట్టుశాలువా మాత్రం నచ్చింది.

ఒకనాడు రాజు మీసం దువ్వుకుంటూ అన్నాడు.

"భట్టూ, గొప్ప వంశంవాడే ఏలాలని నువ్వేగా చెప్పావు? నేను చంద్రపాలుడి వంశంవాణ్ణని రేపు సభలో ప్రకటించు. లేకపోతే నీ తల కోటగుమ్మానికి వేలాడుతుంది."

భట్టు ఇరకాటంలో పడ్డాడు. ప్రకటిస్తే సిద్ధాంతం పోతుంది, ప్రకటించకపోతే తల పోతుంది. రెండూ దక్కే దారి ఎంత వెతికినా కనబడలేదు. చివరికి ఆస్థాన విదూషకుడు బుడ్డన్న ఇంటికి వెళ్లాడు. బుడ్డన్న తోలుబొమ్మలాడించేవాళ్ల బిడ్డ. మామూలు రోజుల్లో అయితే భట్టు ఆ వీధిలో అడుగైనా పెట్టడు.

"ఒరేయ్ బుడ్డన్నా, నన్ను గట్టెక్కించరా నాయనా!"

బుడ్డన్న అంతా విని నవ్వాడు. "రాజుగారు చెప్పమన్నట్టే చెప్పెయ్యండి స్వామీ. కాదని ఆయన చేతే అనిపిస్తాను."

మర్నాడు సభలో భట్టు లేచి, "మన ప్రభువులు స్వర్గీయ చంద్రపాల మహారాజుకు స్వయానా దాయాదులు!" అని ప్రకటించాడు. ప్రచండుడు మీసం మెలేశాడు.

అంతలో బుడ్డన్న గొల్లుమని ఏడుస్తూ లోపలికి వచ్చాడు. వెనకాలే కత్తి నూరుకుంటూ మంగలి.

"ఏమిట్రా ఈ ఏడుపు?" అన్నాడు రాజు.

"ఎంత ఘోరం జరిగిపోయింది ప్రభూ! ముసలిరాజుకు కొడుకుల్లేరు. ఉన్న ఒక్క దాయాదీ తమరే అయితే కర్మ తమరే చెయ్యాలి. క్షవరం కాలేదు, మైల తీరలేదు. ఆ మైలతోనే పట్టాభిషేకం చేసుకున్నారు, అది చెల్లదు కదా! ముందు ఆ మీసం తీయించుకుని స్నానం చెయ్యండి. ఒరేయ్, కానీరా!"

మంగలి భయభక్తులతో ముందుకు జరిగాడు. ప్రచండుడు రెండు చేతులతో మీసం మూసుకుని గద్దె మీద నుంచి ఎగిరి దూకాడు.

"దగ్గరికొచ్చావంటే చంపేస్తాను! ఎవడ్రా నాకు దాయాది? మా నాన్న గుర్రాలకు గడ్డివేశాడు. ఈ గద్దె నా కత్తి సంపాదించింది. నాకే వంశమూ వద్దు!"

"అయితే మైలా లేదు. బతికించారు ప్రభూ!" అని బుడ్డన్న టక్కున కళ్లు తుడుచుకున్నాడు. అమ్మయ్య అనుకున్నాడు భట్టు.

రాజు ఆయాసం తీర్చుకుని, "మీసం దక్కింది. ఏం కావాలో కోరుకోరా" అన్నాడు.

"సభలో తమ పక్కన కూర్చునే చోటిప్పించండి."

భట్టు ఊరుకోవచ్చుగా! పాత అలవాటు, నోరు ఆగలేదు. "హవ్వ! బొమ్మలాటవాడు రాజు పక్కన కూర్చోవడమా? వంశమన్నది ఒకటి ఉండొద్దూ?"

గడ్డివేసేవాడి కొడుకు మెల్లగా భట్టు వైపు తిరిగాడు.

బుడ్డన్న చేతులు కట్టుకున్నాడు. "భట్టుగారు చెప్పింది నిజమే ప్రభూ. నేను బయటే ఉంటాను. ఇకనుంచి లోపల తమ దగ్గర ఆయనొక్కరే ఉంటారు."

మళ్లీ తల మీదికొస్తే గట్టెక్కించేవాడు లోపల ఉండడని భట్టుకు అప్పుడు తట్టింది. గభాలున లేచి, రాజు పక్కనున్న తన ఆసనాన్ని పట్టుశాలువాతో తుడిచి, "ఇలా కూర్చో నాయనా, ఇలా కూర్చో!" అన్నాడు.

ప్రచండుడు పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి బుడ్డన్న మెడలో వేశాడు. భట్టును మాత్రం ఎవరూ కూర్చోమనలేదు.