లెన్సులోని కాగితపు వలయం

విజయనగరంలో లక్ష్మణాచారి గారు ఏ పాత లెన్సునైనా విప్పే ముందు దానిని తెల్లని గుడ్డ మీద ఉంచి, ఒక్క క్షణం చేతులు జోడించేవారు. మంత్రమేదీ చదివేవారు కారు. ఆ వెంటనే స్క్రూడ్రైవర్ అందుకునేవారు.

ఫిల్ము కాలపు లెన్సులను నేటి డిజిటల్ కెమెరాలకు అమర్చడం ఆయన వృత్తి. పాత లెన్సు వెనుక భాగం కొత్త కెమెరా ముఖానికి నేరుగా అతకదు గనుక, రెంటి నడుమ పట్టే ఇత్తడి రింగును లేతు యంత్రం మీద చేసి బిగించేవారు. ఆయన వద్ద రెండేళ్లుగా పని నేర్చుకుంటున్న మణిమాల ఒక ఉదయం అడిగింది.

"గురువు గారూ, ఈ నమస్కారం ఎవరికి? దీనిని చేసినవాడు ఏ దేశం వాడో, ఎప్పుడు పోయాడో. అతనికి అందుతుందా?"

ఆచారి గారు అప్పుడే మెట్లెక్కి వచ్చిన పైడితల్లమ్మ గారి చేతిలోని లెన్సును అందుకుని, "ఇది నువ్వే చెయ్యి" అని శిష్యురాలి ముందు ఉంచారు.

పైడితల్లమ్మ గారి భర్త ఒక పల్లె బడిలో మాస్టారు. ముప్పై ఒక్క ఏళ్ల పాటు ఏటేటా బడి పిల్లలందరినీ వరుసల్లో నిలబెట్టి, ఈ లెన్సుతోనే ఫోటో తీశారు. ఇప్పుడాయన లేరు. ఆ బడీ మూతపడుతోంది. మర్నాడే ఆఖరి ఫోటో. పాత విద్యార్థులు కొనిచ్చిన కొత్త కెమెరాతో, ఆయన లెన్సుతో, తానే తీయాలని ఆమె పట్టుదల.

"సివరి పిల్లలు తేటగా రావాలమ్మా," అన్నారామె. "మా ఆయన ముందు సివరోళ్లనే సూసేవోరు. నడిమోళ్లు ఎలాగూ వస్తార్లే అనేవోరు."

మణిమాల లెన్సు విప్పింది. గాజుల మీది బూజు తుడిచింది. వెనుక గాజు కింద మాసిన కాగితపు వలయం ఒకటి కనిపిస్తే, చెత్త అనుకుని బుట్టలో వేసింది. రింగు చేసి, పైడితల్లమ్మ గారు తెచ్చిన కెమెరాకు లెన్సు బిగించి, డాబా మీదికి తీసుకువెళ్లింది. ఊరి చివరి తాటిచెట్ల వరుసను ఫోటో తీసి చూడటం ఆ దుకాణపు ఆచారం.

కెమెరా మాత్రం తన తెర మీద 'లెన్సు లేదు' అని చూపించింది.

"ఇంత లావు లెన్సు తగిలించుకుని లేదంటాదేటి, గుడ్డిదా?" అన్నారు పైడితల్లమ్మ గారు.

"పాతవాటిని ఇది పోల్చుకోలేదమ్మా. అయినా బొమ్మ తీస్తుంది," అని మణిమాల కెమెరా అమరికల్లో ఆ అడ్డు తొలగించి మీట నొక్కింది.

నడిమి చెట్లు స్పష్టంగా ఉన్నాయి. రెండు చివరల చెట్లు నీళ్లలో తడిసిన సిరారాతలా అలుక్కుపోయాయి. రింగు వంకర పోయిందనుకుని ఆమె ఇంకొకటి చేసింది. తరువాత మూడవది. మధ్యాహ్నం దాటింది. క్యారియరు విప్పి కూర్చున్న పైడితల్లమ్మ గారు, "మూడు రింగులే! పెళ్లినాడు మా ఆయన నాకొక్కటే పెట్టినారు" అని నవ్వారు. కాని ఆమె చూపు గడియారాన్ని వదలలేదు.

"లెన్సే చెడిపోయింది గురువు గారూ," అన్నది మణిమాల, కళ్లలో నీళ్లతో.

"లోపలి నుంచి ఏం తీశావు?"

"బూజు తుడిచానంతే. ఎవరో ఇరికించిన కాగితం ముక్క ఉంటే పారేశాను."

ఆచారి గారు చెత్తబుట్టను తెచ్చి ఆమె ముందు పెట్టారు.

ఇత్తడి రజను వేళ్లకు గుచ్చుకుంటుండగా వెదికి, ఆమె ఆ వలయాన్ని పట్టుకుంది. భూతద్దం కింద చూసింది. గీతల నోటుపుస్తకంలోని కాగితం, వెలిసిన నీలిగీత ఒకటి దాని మీదుగా పోతోంది. అంచులో ఎక్కడా గరుకు లేదు. గాజు కూర్చునే చోట లోహం అరిగింది. ఆ అరుగుదల ఎంతో, కాగితం మందమూ అంతే.

"మాస్టారు కత్తిరించారా అమ్మా?"

"ఆయనా! ఆయన గుండ్రం కోస్తే దానికి నాలుగు మూలలొచ్చేవి. మేం కొన్ననాటికే ఇది పాతదమ్మా." పైడితల్లమ్మ గారు ఆ వలయాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "అయితే ఇన్నేళ్లూ నా సివరి పిల్లల్ని నిలబెట్టినోడు ఈ మారాజా!"

మణిమాల ఆ కాగితాన్ని యథాస్థానంలో ఉంచి, గాజు మూసి, మొదట చేసిన రింగునే బిగించి మళ్లీ డాబా ఎక్కింది. ఈసారి చివరి తాటిచెట్టు ఆకుల చీలికలు కూడా వేరువేరుగా లెక్కకు వచ్చాయి. పైడితల్లమ్మ గారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

ఆఖరి స్క్రూ బిగించడానికి మణిమాల లెన్సును కిందికి తెచ్చింది. తెల్లని గుడ్డ మీద ఉంచింది. ఆమె చేతులు వాటంతట అవే దగ్గరకు వచ్చి, సగంలో ఆగాయి.

"ఈ కాగితం కత్తిరించినాయన పేరైనా తెలియదు గురువు గారూ," అన్నది.

లక్ష్మణాచారి గారు స్క్రూడ్రైవర్ తుడిచి ఆమెకు అందించారు.

"బిగించమ్మా. నీ రింగునూ ఎవరో ఒకనాడు విప్పుతారు."