హద్దు గీత

1968 జూన్ 11, మంగళవారం. మృగశిర కార్తె వచ్చి నాలుగు రోజులైనా రాజమండ్రిలో చినుకు లేదు. గోదావరి ఇసుక మీంచి వచ్చే వడగాలికి ఆశ్రమం అరుగు కాలిపోతోంది. ఆ ఏడు నేను బి.ఏ. ఇంగ్లీషు పేపరు మూడోసారి రాశాను. అది వేరే సంగతి.

మా గురువుగారు పూర్ణబోధస్వామికి ఒక అలవాటుండేది. ప్రశ్న వినగానే చేతిలోని విసనకర్ర కింద పెట్టారంటే, ఇక వాదన ఉండదు, ఏదో జరిగిన సంగతి చెబుతారని అర్థం.

వకీలు నీలాద్రిరావు ఆయన శిష్యుడు. ఏజెన్సీ కొండల్లోని సర్కారు అడవిలోకి గొడ్డలి, నాగలి, బండి ఏదీ పోకుండా, అడవిని అడవిగానే వదిలేయాలని ఒక బిల్లు రాసి, తొమ్మిదేళ్లుగా ఎమ్మెల్యేల గుమ్మాలు తొక్కుతున్నాడు. ఆ రోజు దాన్ని తెచ్చి స్వామి ముందు పరిచాడు. జతచేసిన పటంలో ఎర్రసిరాతో హద్దు గీసి ఉంది.

"వచ్చే సమావేశంలో నెగ్గేలా ఉంది, స్వామీ. నెగ్గితే అడవి నిలుస్తుందా?"

స్వామి ఆ ఎర్రగీతను చూసి విసనకర్ర కింద పెట్టారు.

పూర్వాశ్రమంలో ఆయన సర్వేయరు. అప్పట్లో ఒక కొండకు ఇలాంటి ఉత్తర్వే వచ్చిందట. అమలు కావాలంటే అడవి ఎక్కడ మొదలో తెలియాలి. అందుకని చుట్టూ ముప్పై అడుగుల వెడల్పున చెట్లు కొట్టి గీత తీయాలి. ఆ పనికి పల్లాల బూదిరెడ్డి అనే కొండరెడ్ల తెగవాణ్ణి కుదుర్చుకున్నారు.

"హద్దు మాకు తెలుసు గదా బాబూ," అన్నాడతను.

"నీకు తెలిస్తే చాలదురా, కాయితానికి తెలియాలి," అన్నారట స్వామి.

చెట్టు కొట్టేముందు దాని మొదలు దగ్గర జీలుగుకల్లు పోసి కొండను అడగడం అతని వాళ్ల ఆచారం. ఈసారి బూదిరెడ్డి అడగలేదు. "దాని మంచికే గదా," అన్నాడు. పదకొండు నెలలు కొట్టాడు.

హద్దు లోపల మనిషి ఉండకూడదు గనుక మొదట ఖాళీ అయింది బూదిరెడ్డి ఊరే, పద్నాలుగు గుడిసెలు. లోపల బండి పోకూడదన్న ఉత్తర్వులో, గీత మీద పోకూడదని మాత్రం లేదు. మరుసటి వేసవికి గీత పొడుగునా వెదురు కంట్రాక్టరు లారీలు తిరిగాయి. లారీ ఆగిన చోటల్లా అడవి పలచబడింది.

నీలాద్రిరావు పటం మడిచాడు. వకీలు లాగే అడిగాడు: "ఎవరికేం దక్కింది, స్వామీ?"

"కంట్రాక్టరుకు బాట. అతని తర్వాత అతని అల్లుడికి. నాకు ప్రమోషను. బూదిరెడ్డి కొడుక్కి ఏమీ లేదు. తండ్రి గొడ్డలి ఒకటుండేది. అడవిలో దొరికాడని అదీ జప్తు చేశారు."

"మరి అడవికి?"

స్వామి విసనకర్ర అందుకున్నారు.

"దానికి హద్దు మిగిలింది, నాయనా."