బంగారమ్మకి పట్టిన పప్పు

గోదావరి మధ్య ఓ లంకలో బుర్రా వారని ఒక కుటుంబం ఉండేది. బుర్రా అనేది వాళ్ళ ఇంటిపేరు. "ఊళ్ళో అందరికీ బుర్ర మెడ మీదే ఉంటుందండీ, మాకు పేరులో కూడా ఉంది" అని పెద్దకొడుకు గవర్రాజు చెప్పుకుని తిరిగేవాడు. తమ్ముడు సూరిబాబు "ఆయ్" అనేవాడు. గవర్రాజు పెళ్ళాం మంగతాయారు రెండుసార్లు "ఆయ్" అనేది. వీళ్ళ మధ్య పడి బతుకుతున్నది వాళ్ళమ్మ బంగారమ్మ.

ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు నెత్తినొకటి, చంకనొకటి బిందెలు పెట్టుకుని ఏటిగట్టు ఎక్కిన మనిషి. ఇప్పుడు పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. పళ్ళూడాక టీలో బన్ను ముంచుకు తినడమే భోజనం. మొన్నటికి మొన్న కోడలి పేరు గుర్తురాక "ఇదిగో, నిన్నే" అని పిలిచింది. ఇలాగే మంచాన పడిపోతానేమో, అందర్నీ మర్చిపోతానేమో అని ఆవిడకి ఒకటే బెంగ. మంగతాయారు మాత్రం ఆ రోజునుంచీ ఎవరు పేరడిగినా "నిన్నే" అని చెబుతోంది.

డాక్టరమ్మ పంటు మీద ఏరు దాటి వచ్చి చెయ్యి పట్టి చూసింది. "మామ్మగారి కండ కరిగిపోతోంది బాబూ. ఈ వయసులో టీ, బన్ను చాలవు. కండ పోతే నడక తగ్గుతుంది, మతి కూడా మందగించొచ్చు. ముద్దపప్పు, గుడ్లు, పాలు రోజూ బాగా ఒంటికి పట్టాలి. నాలుగడుగులు నడిపించండి. బుర్రకి కాస్త పని చెప్పండి" అని, రేవులో పంటు వెళ్ళిపోతోందని పరుగెత్తింది.

ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ బంగారమ్మని అరుగు దింపి నాలుగంటే నాలుగే అడుగులు వేయించారు. ఐదోది వేయబోతే సూరిబాబు కాళ్ళకడ్డం పడుకున్నాడు. పాపం నడివాకిట్లో నిలబడిపోయింది. నెత్తిమీద ఎండ.

"అన్నయ్యా, అమ్మ కరిగిపోతుంది! డాక్టరమ్మ చెప్పనే చెప్పింది" అన్నాడు సూరిబాబు కిందనుంచే. అంతే, తడి గోనెసంచి తెచ్చి కప్పేశారు.

ఇంతలో మంగతాయారు గిన్నెడు ముద్దపప్పు తెచ్చింది. పైన నెయ్యి. ఆ వాసనకి బంగారమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళయిందో అలాంటి పప్పు తిని! ఆశగా నోరు తెరిచింది. గవర్రాజు ఆ నోరు మర్యాదగా మూసి, గోనె తీసి, పప్పు భుజాలనుంచి మోచేతులదాకా పట్టించాడు. సూరిబాబు గుడ్లు కొట్టి కాళ్ళకి పట్టించాడు. పాలు నడినెత్తిన పోశారు.

"ఓరి మీ తెలివి తగలెయ్య! పైన కాదురా, లోపలికి పోవాలి!" అని అరిచింది బంగారమ్మ.

"ముందే చెప్పొచ్చుగా అమ్మా" అని ఇద్దరూ ఆవిణ్ణి ఎత్తి ఇంటి లోపలికి మోసుకుపోయి, మిగిలింది అక్కడ పట్టించారు.

ఇక బుర్రకి పని చెప్పాలి. "ఏ బుర్రకి? ఇంట్లో అందరం బుర్రా వాళ్ళమేగా" అంది మంగతాయారు. నిజమే! గవర్రాజు తమ్ముడికి కట్టెలు కొట్టమని చెప్పాడు. తమ్ముడు వదినకి నీళ్ళు తోడమని చెప్పాడు. వదిన మొగుడికి గేదెని కడగమని చెప్పింది. డాక్టరమ్మ చెప్పమంది గానీ చెయ్యమనలేదుగా! పొద్దుగూకేదాకా వాకిట్లో చెప్పుకుంటూనే ఉన్నారు.

ఆ సందులో బంగారమ్మ గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, వండిన గిన్నె అడుగున ఉన్న పప్పంతా ఊడ్చుకు తింది. రెండు గుడ్లు ఉడకేసుకుని తింది. రోజూ ఇదే వరస. పప్పు పట్టించబోతే ఆవిడ గోడ పట్టుకునే పెరడంతా పరుగు. వాళ్ళకి దొరక్కుండా గుడ్లు ఏ రోజు ఏ కుండలో దాచిందో గుర్తుపెట్టుకోవడం. నెల తిరిగేసరికి గోడ అక్కర్లేకపోయింది. "మంగతాయారూ" అని నోరారా పిలిచింది కూడా.

"నా పేరు నిన్నే కదా అత్తయ్యా" అంది కోడలు.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చి చూసి ఆశ్చర్యపోయింది. "భలే! మామ్మగారికి కండ పట్టిందే!"

"మీరు చెప్పినట్టే పట్టించామండీ" అన్నాడు గవర్రాజు.

"అదికాదమ్మా, వీళ్ళు..." అని బంగారమ్మ మొదలెట్టేలోపే పంటు కూత వేసింది. "ఈ పట్టు మాత్రం వదలకండి బాబూ!" అని డాక్టరమ్మ పరుగు.

అంతే. గవర్రాజు కుడిచెయ్యి పట్టుకున్నాడు, సూరిబాబు ఎడమచెయ్యి. పప్పు పట్టించే వాళ్ళకి చేతులు ఖాళీ లేవు గనక మంగతాయారు పప్పన్నం పళ్ళెం తెచ్చి అత్తగారి ముందే పెట్టింది. వేడివేడిగా, నెయ్యేసి.

"తింటానురా, చేతులు వదలండి!"

"వదలొద్దందిగా అమ్మా!"

బంగారమ్మ అటు చూసింది, ఇటు చూసింది, పళ్ళెం చూసింది. ఆకలి ఆగలేదు. అమాంతం వంగి, మొహం పళ్ళెంలో పెట్టేసి గబగబా తినసాగింది.

గవర్రాజుకి ఆనందంతో కళ్ళనీళ్ళు తిరిగాయి. "చూశావా తమ్ముడూ! ఇన్నాళ్ళూ మనం పట్టించాం. ఇవాళ మొహానికి తనంతట తనే పట్టించుకుంటోంది!"