నాగలింగం వెనక వరస

పూర్వం గిరిపురంలో నగరపెద్దను జనమే ఎన్నుకునేవారు. పోటీకి ఇద్దరేసి జంటగా దిగాలి. ఊరివాళ్లు వచ్చి ఆ ఇద్దరిలో నచ్చినవాడి వెనక నిలబడాలి. రెండు వరసలూ కలిపి ఎక్కువమంది ఉన్న జంటదే గెలుపు. ఆ జంటలో ఎవరి వెనక వరస పొడుగ్గా ఉంటే అతనే పెద్ద, రెండోవాడు ఉపపెద్ద.

ఆ ఏడు పోటీకి దిగిన వీరభోజుడు ఎదురుపడ్డవాణ్ణల్లా తిట్టి కడిగేసే రకం. జతగాడు నాగలింగానికి బెంగ పట్టుకుంది.

"మీ నోటివల్ల నేనూ మునిగిపోతానేమోనండీ" అన్నాడు.

"నా ముక్కుసూటితనమే నీకు బలం. వీణ్ణడుగు" అని వీరభోజుడు తన పల్లకీ మోసే పోలయ్యను పిలిచాడు. "నిజం చెప్పరా, లేకపోతే తోలు తీస్తాను."

పోలయ్య చిక్కులో పడ్డాడు. అవునన్నా తంటానే, కాదన్నా తంటానే.

"మీలాగే ముక్కుసూటిగా చెప్పమంటారా దొరా?"

"చెప్పు."

"తమరు ఎక్కితే పల్లకీకి బరువు, దిగి నోరు తెరిస్తే ఊరికి బరువు."

వీరభోజుడు కొరడా ఎత్తాడు. పోలయ్య ఒక్క గెంతులో వెళ్లి నాగలింగం వెనక నిలబడ్డాడు.

"చూశారుగా దొరా, మీ నోరు ఈయనకు మేలే చేస్తుంది. మీరు తిట్టిన ప్రతివాడూ వచ్చి నిలబడేది ఇక్కడే."

కొరడా గాల్లోనే ఆగిపోయింది. వీరభోజుడు ఓసారి తన వెనక్కి చూసుకున్నాడు. అక్కడ ఎవరూ లేరు.

"పోలయ్యా," అన్నాడు మెల్లగా, "కాస్త ఇటొచ్చి నిలబడతావా నాయనా?"