అంకమ్మ చూసుకునే అద్దం

మా తాతల తాతలకి పాలపళ్లు కూడా రాని కాలం మాట. అప్పట్లో మా ఊళ్లో నాట్లు వేసే ఆడవాళ్లు, పని అయిపోయాక ఒక రోజు పట్నం చూడబోయేవాళ్లు. పట్నమంటే మరీ పెద్దదేం కాదు. చూడాల్సినవి మూడే: కోట గుమ్మం, ఏనుగుల సాల, అద్దాల మేడ.

వాళ్లలో అంకమ్మ అని ఒకామె ఉండేది. నా అన్నవాళ్లు లేని మనిషి. మడి నీళ్లలో తప్ప తన మొహం తాను ఎన్నడూ చూసుకోలేదు. ఆ నీళ్లూ బురదే కదా. ఒక్కసారి అద్దాల మేడలో తన మొహం చూసుకోవాలని ఆమె ఆశ.

మళ్లో ఒకే వరసలో కదిలే ఆడవాళ్లు, బాటెక్కితే ఎవరి కాళ్లు వాళ్లవే. కోట గుమ్మం దగ్గర వాళ్లలో ఒక నిండు చూలాలు ఆయాసపడి ఆగింది. "మీరు నడవండమ్మా, నేను తోడుంటా" అంది అంకమ్మ. వాళ్లు నడిచారు.

ఏనుగుల సాల దగ్గర ఒక బాలింత బిడ్డకి పాలివ్వడానికి కూర్చుంది. "మీరు నడవండమ్మా, నేను తోడుంటా" అంది అంకమ్మ. వాళ్లు నడిచారు. అంకమ్మ లోపలికి వెళ్లేసరికి ఏనుగు నీళ్లకి పోతోంది. తోక మాత్రం కనిపించింది.

అద్దాల మేడ వీధి మొదట్లో ముసలి కోటమ్మ కాలు వాచి కూలబడింది. "మీరు నడవండమ్మా, నేను తోడుంటా." ఈసారి ఆ మాట కాస్త ఆగి వచ్చింది.

"నాకోసం ఆగకే. పొద్దు వాలితే తలుపులు మూసేస్తారు. పోయి చూసుకుని రా" అంది కోటమ్మ.

"ఎరగని ఊళ్లో నిన్ను బాట పక్కన వదిలేసి, నా మొహం చూసుకోనా అత్తా?"

కోటమ్మ కాలు ఒళ్లో పెట్టుకుని పిసుకుతూ కూర్చుంది అంకమ్మ. మిగతావాళ్లు బయటికి వచ్చేసరికి తలుపులు మూసేశారు.

తిరుగు దారంతా అద్దాల కబుర్లే. మొహం అంతా ఒక్కసారే కనిపిస్తుందా అని మాత్రం అడిగింది అంకమ్మ. కనిపిస్తుందన్నారు. సరే, వచ్చే ఏడు చూస్తాలే అంది.

వచ్చే ఏడు నాట్లకి అంకమ్మ లేదు. జ్వరం తీసుకుపోయింది. ఆ ఏడు ఆడవాళ్లు అద్దాల మేడకి పోయారు గానీ, తమ మొహాలు చూసుకోవడానికి సిగ్గుపడ్డారు. ఏడ్చారు కూడా. కోటమ్మ అందరినీ అద్దం ముందు నుంచి పక్కకి జరగమంది.

ఇప్పటికీ మా ఊరివాళ్లు పట్నం చూడబోతే, నెమ్మదిగా నడిచేవాళ్లనే ముందు పెడతారు. కాళ్లలో సత్తువున్నవాళ్లు గొణుక్కుంటూ వెనక నడవాల్సిందే. అద్దాల మేడలో పెద్ద అద్దం ముందు కాసేపు ఎవరూ నిలబడరు. అద్దం ఖాళీగానే ఉందిగా, త్వరగా కానివ్వండమ్మా అని కాపలావాడు విసుక్కుంటాడు.

"ఉండయ్యా" అంటారు మావాళ్లు. "మా అంకమ్మ చూసుకుంటోంది."